లేని వీల్‌చైర్ లెక్కగట్టి సున్నా పాయింట్లు ఇస్తే: మీ వారి భుజాల గురించి రాయండి

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకు కూడా అర్థం కావాలి కాబట్టి విషయం నాలుగు ముక్కల్లో చెప్తాను. మీ వారికి 54 ఏళ్ళు. గుంటూరు జిల్లాలో పుట్టారు, రెండో ఏట పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. చంకకర్రలతోనే చదువుకున్నారు, చంకకర్రలతోనే ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చి ఇరవై ఏళ్ళు ఒక గోడౌన్‌లో స్టాకు లెక్కలు చూశారు. మూడేళ్ళ నుంచి బాగున్న కాలు కూడా బలహీనపడుతోంది, రెండు భుజాలూ పట్టేస్తున్నాయి. పోస్ట్ పోలియో సిండ్రోమ్ అని, అంటే పోలియో వచ్చిన చాలా ఏళ్ళకు కండరాలు మళ్ళీ బలహీనపడడమని డాక్టర్లు తేల్చారు. యూనివర్సల్ క్రెడిట్‌లో (ఆదాయం తక్కువున్నవాళ్ళకు ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే భత్యం) వర్క్ కేపబిలిటీ అసెస్‌మెంట్, అంటే పని చేయగలరా లేదా అన్న పరీక్ష జరిగితే కదలిక దగ్గర సున్నా పాయింట్లు వచ్చాయి. కారణం ఒక్క వాక్యం: మాన్యువల్ వీల్‌చైర్ (చేతులతో చక్రాలు తోసుకునేది) వాడితే 200 మీటర్లకు పైగా వెళ్ళగలరు. "మా ఇంట్లో వీల్‌చైరే లేదు, ఏ డాక్టరూ వాడమని చెప్పలేదు, లేనిదాన్ని ఉన్నట్టు ఊహించుకుని ఎలా రాస్తారు?" అని మీ ప్రశ్న.

రాయొచ్చు. మీకు కోపం వస్తుందని తెలుసు, అయినా ముందే చెప్పడం మంచిది. చట్టం వాళ్ళకు ఆ వీలు ఇచ్చింది. పదిహేడేళ్ళుగా ఈ దేశంలో వెల్ఫేర్ రైట్స్ పనిలో, అంటే ఇలాంటి భత్యాలు రావడానికి జనానికి సాయం చేసే పనిలో ఉన్నాను. "మాకు వీల్‌చైర్ లేదు" అన్న ఒక్క మాట పట్టుకుని అప్పీలుకు వెళ్ళి ఓడిపోయినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఆ వీల్‌చైర్‌ను తోయాల్సిన చేతుల గురించి మాట్లాడి గెలిచినవాళ్ళు కూడా తెలుసు.

ఈ చిక్కు ఎక్కడ మొదలైందో చెప్తాను. 2008 అక్టోబరులో ఈఎస్‌ఏ (జబ్బు వల్ల పని చేయలేనివాళ్ళకు ఇచ్చే భత్యం) వచ్చినప్పుడు ఈ పరీక్షలో మొదటి అంశం నడకే. చేతికర్ర లాంటిది మామూలుగా వాడుతుంటే దాన్ని లెక్కలోకి తీసుకునేవాళ్ళు. 2011 మార్చి 28 నుంచి నడక పోయి మొబిలైజింగ్ వచ్చింది. కాళ్ళ మీద వెళ్ళినా చక్రాల మీద వెళ్ళినా కదిలినట్టే అని అర్థం. యూనివర్సల్ క్రెడిట్‌కు 2013లో వచ్చిన నిబంధనల్లో కూడా అదే ఉంది. వాక్యాన్ని తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: వేరే మనిషి సాయం లేకుండా కదలగలరా, చేతికర్ర, మాన్యువల్ వీల్‌చైర్, మరో సాధనం ఏదైనా మామూలుగా వాడుతుంటే, లేదా సహేతుకంగా వాడగలిగితే, దానితో కలిపి చూడాలి.

ఇందులో "వేరే మనిషి సాయం లేకుండా" అన్నారు కాబట్టి మీరో మీ అబ్బాయో వెనక నుంచి తోస్తే అది లెక్కలోకి రాదు. "మాన్యువల్" అన్నారు కాబట్టి బ్యాటరీ కుర్చీ సంగతి ఎత్తాల్సిన పని లేదు. మిగిలింది "సహేతుకంగా" అన్న మాట. మన కేసు మొత్తం దాని మీదే నిలబడుతుంది. అప్పర్ ట్రిబ్యునల్ (ఈ అప్పీళ్ళ మీద పై కోర్టు లాంటిది) జడ్జీలు దీని మీద చాలా తీర్పులు ఇచ్చారు. కుర్చీ ఇంట్లో లేదన్నంత మాత్రాన కేసు మన పక్షం అయిపోదు. అలాగని చేతులు ఆడుతున్నాయి కాబట్టి తోసుకోగలరని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటే కూడా సరిపోదు. ఈ మనిషి, ఈ ఒంటితో, ఆ కుర్చీని వాడమనడం న్యాయమేనా అన్నది చూడాలి, ఎందుకు అవునో చెప్పాలి.

పాయింట్ల సంగతి కొంచెం తెలుసుకోండి. ఆగకుండా 50 మీటర్లు దాటలేకపోతే, లేదా 50 మీటర్లు వెళ్ళినా సహేతుకమైన సమయంలో మళ్ళీ మళ్ళీ వెళ్ళలేకపోతే 15. అదే 100 మీటర్లయితే 9, 200 మీటర్లయితే 6. చేతిపట్టు పట్టుకుని కూడా రెండు మెట్లు ఎక్కలేకపోయినా, దిగలేకపోయినా 9. ఒక అంశంలో అన్నిటికన్నా ఎక్కువ వచ్చేదే తీసుకుంటారు. వేరు వేరు అంశాల పాయింట్లు కలిపి 15 వస్తే పనికి పరిమిత సామర్థ్యం ఉందని ఒప్పుకుంటారు. కానీ 2017 ఏప్రిల్ తర్వాత క్లెయిమ్ పెట్టినవాళ్ళకు ఆ గ్రూపులో అదనంగా డబ్బు రాదు. డబ్బు వచ్చేది దాని పైగ్రూపులో, ఎల్‌సీడబ్ల్యూఆర్‌ఏ అంటారు, అంటే పనికే కాదు, పనికి సిద్ధమవడానికి కూడా సామర్థ్యం పరిమితమని ఒప్పుకునే గ్రూపు. 2025-26లో అది నెలకు 423.27 పౌండ్లు. 2026 ఏప్రిల్ నుంచి కొత్తగా వచ్చే చాలామందికి దాదాపు సగానికి తగ్గించారు, కాబట్టి ఏ తేదీ నుంచి అర్హత ఉందన్నది ఇప్పుడు పెద్ద విషయం. ఆ పైగ్రూపుకు కదలిక కింద వెళ్ళాలంటే 50 మీటర్ల గీత దగ్గరే గెలవాలి. అందుకే వీల్‌చైర్ వాక్యాన్ని వదిలేసి మిగతా అంశాల్లో పాయింట్లు ఏరుకుందామంటే మీకు ఉపయోగం తక్కువ.

ఇక భుజాల సంగతి. అసెస్‌మెంట్ చేసినవాళ్ళ ఆలోచన ఎలా సాగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. చిన్నప్పటి నుంచి చంకకర్రలు వాడుతున్నాడు, అంటే చేతులు ఉక్కులా ఉంటాయి, అంటే చక్రం తిప్పగలడు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ పోలియో వచ్చినవాళ్ళ ఒళ్ళు తెలిసినవాళ్ళకు ఇది తలకిందుల లెక్క. యాభై ఏళ్ళు కాళ్ళు చేయాల్సిన పని భుజాలు చేశాయి. ఒంటి బరువంతా మోసిన కీళ్ళు అవి. ఇప్పుడు అరిగిపోయాయి, కండరాలు చిరుగుతున్నాయి. పోస్ట్ పోలియోలో ఇంకో సంగతి కూడా ఉంది: అలసిన కండరంతో ఇంకా పని చేయిస్తే బలం పెరగకపోగా ఇంకా తగ్గిపోవచ్చు. అందుకే పనిని విడగొట్టుకుని, మధ్యలో విశ్రాంతి తీసుకుంటూ చేసుకోమంటారు. అలాంటి మనిషిని రోజంతా చక్రాలు తోసుకోమనడం, ఉన్న ఆ రెండు చేతులు కూడా పాడు చేసుకోమనడమే. ఈ నాలుగు వాక్యాలూ డాక్టరు కాగితం మీద వస్తే మీ కేసు సగం అయిపోయినట్టే.

రిపోర్టులో ఏం రాశారో చూడకుండా ఏమీ వాదించకండి. యూనివర్సల్ క్రెడిట్ జర్నల్‌లో (మీ ఆన్‌లైన్ ఖాతాలో మెసేజ్‌లు రాసే చోటు) మెసేజ్ పెట్టి మెడికల్ అసెస్‌మెంట్ రిపోర్టు పూర్తి కాపీ అడగండి. ఇచ్చి తీరాలి. వచ్చాక చేతులు, భుజాలు, పిడికిలి పట్టు గురించి రాసిన భాగాన్ని ముందు చదవండి. చాలా రిపోర్టుల్లో నాకు కనిపించేవి ఇవే: చేతులు తల పైకి ఎత్తారు, ఫోన్ వాడుతున్నారు, ఆటోమేటిక్ కారు నడుపుతున్నారు, సంచి పట్టుకుని వచ్చారు. వీటిలో ఏదీ 50 మీటర్లు చక్రం తిప్పడంతో సమానం కాదు. ఒకసారి చెయ్యెత్తడం వేరు, అదే కదలిక వందసార్లు చేయడం వేరు. పవర్ స్టీరింగ్ వేలితో తిరుగుతుంది. ఒక్కో ముక్క తీసుకుని దాని పక్కన మీ జవాబు రాయండి. అసెస్‌మెంట్ ఫోన్‌లో జరిగి ఉంటే ఇంకా మంచిది. భుజం ముట్టుకోకుండానే బలంగా ఉందని ఎలా తెలిసిందని అడగొచ్చు.

కుర్చీలో కూర్చోవడం గురించి కూడా రాయండి. చిన్నప్పుడే ఒక కాలు పొట్టి అయితే చాలామందికి నడుం పక్కకు వంగుతుంది, పిర్రలు సమానంగా ఆనవు. మీ వారికి అలా ఉంటే ఎంతసేపు కూర్చోగలరో, కూర్చున్నాక ఏమవుతుందో చెప్పండి. మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలో నుంచి సోఫాలోకి మారడానికి మీ చెయ్యి పడుతుందా? పడితే అది వేరే అంశం. పక్కపక్కనున్న రెండు సీట్ల మధ్య వేరే మనిషి సాయం లేకుండా మారలేకపోతే దానికే 15 పాయింట్లు, పైగ్రూపులో కూడా అది ఉంది. మీరు రాసిన దాంట్లో దాని ఊసే లేదు, కానీ మనవాళ్ళు ఇది చెప్పరు. భార్య చెయ్యి అందించడం సాయమని ఎవరికీ తోచదు.

మరీ పెద్ద తప్పు మాటల్లో జరుగుతుంది. డాక్టరు ఎలా ఉన్నారంటే మనవాళ్ళు "పరవాలేదండీ" అంటారు. అది ఇంగ్లీషులోకి వెళ్ళి "బాగున్నాను" అయి కూర్చుంటుంది, జీపీ (మన ఏరియా డాక్టరు) రికార్డులో కూడా అలాగే పడుతుంది. వీల్‌చైర్ మాట ఎత్తితే ఇంకా కష్టం. ఒక పెద్దాయన కేసు చెప్తాను. ఆయన మోకాళ్ళు రెండూ పోయాయి, వేళ్ళకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. హియరింగ్‌లో జడ్జి వీల్‌చైర్ గురించి అడిగితే రోషంగా "నాకు వీల్‌చైర్ ఎందుకండీ, నేను నడిచే మనిషిని" అన్నారు. పరువు కోసం అన్న మాట అది. మేము నోరు విప్పేలోపు జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఆయన వేళ్ళు పిడికిలి పట్టవు, చక్రం రిమ్ పట్టుకోలేరు. ఆ నిజం చెప్పాల్సిన చోట ఇంకేదో చెప్పారు. మీ వారిని కూర్చోబెట్టి ఈ ఒక్క ప్రశ్నకు ముందే సిద్ధం చేయండి. ఇష్టం లేదు అనకూడదు. చేతనవదు అనాలి, ఎందుకో చెప్పాలి.

డాక్టరు ఉత్తరం దగ్గర కూడా ఒక కిటుకు ఉంది. "ఈయన నా పేషెంటు, పోస్ట్ పోలియో ఉంది, దయచేసి సహాయం చేయండి" అన్న ఉత్తరాలు ఫైలు లావెక్కించడానికే పనికొస్తాయి. మీరు ప్రశ్నలు రాసి ఇవ్వండి. మాన్యువల్ వీల్‌చైర్ తనంతట తాను తోసుకుని 50 మీటర్లు వెళ్ళగలరా, వెళ్ళాక కాసేపటికి మళ్ళీ అంత దూరం వెళ్ళగలరా? రోజూ అలా వాడితే భుజాలకు ఏమవుతుంది? మీరు వాడమని సలహా ఇస్తారా, ఇవ్వకపోతే ఎందుకు? నిర్ణయం వచ్చిన తేదీ నాటికి కూడా పరిస్థితి ఇదేనా? ఈ చివరి ప్రశ్న మరిచిపోవద్దు, ఎందుకంటే ట్రిబ్యునల్ చూసేది నిర్ణయం తీసుకున్న రోజున ఉన్న పరిస్థితినే. ఆ తర్వాత భుజం ఆపరేషన్ అయినా దానికి విలువ తక్కువ. ఉత్తరం మాత్రం తర్వాత రాసిందైనా పరవాలేదు, ఆ రోజు గురించి మాట్లాడితే చాలు. జీపీ కంటే ఫిజియోథెరపిస్టు గానీ ఆక్యుపేషనల్ థెరపిస్టు గానీ రాస్తే నాకు ఇంకా ఇష్టం. రోగి కదలికను దగ్గరగా చూసేది వాళ్ళే.

ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వీల్‌చైర్ సర్వీసుకు జీపీ ద్వారా రిఫరల్ అడగడం కూడా మంచి పనే. కుర్చీ ఇవ్వడం కుదరదన్నా, మాన్యువల్ పనికిరాదు బ్యాటరీది కావాలన్నా, ఆ కాగితం మీకు బంగారం. ఒకవేళ వాళ్ళు మాన్యువల్ కుర్చీ ఇచ్చి తోసుకోమంటే? అప్పుడు మీ వాదన బలహీనపడుతుంది, అది దాచను. కానీ కుర్చీ నిజంగానే పనికొస్తే మీ వారికి మంచిదేగా. బెనిఫిట్ కోసం అవసరమైన సాధనం మానుకోమని నేను ఎవరికీ చెప్పను.

ఇంట్లో మీ అంతట మీరు ప్రయోగాలు చేయకండి. ఒకావిడ సూపర్‌మార్కెట్‌లో ఉండే కుర్చీలో భర్తను కూర్చోబెట్టి తోసుకోమని వీడియో తీసి తెచ్చింది. ఆయన భుజం వారం రోజులు లేవలేదు. చేయాల్సి వస్తే ఫిజియో ముందే చేయండి, వాళ్ళే చూసి రాస్తారు. మీరు చేయగలిగింది డైరీ. రెండు వారాలు, రోజుకు మూడు వాక్యాలు చాలు: ఎంత దూరం, ఎక్కడ ఆగారు, తర్వాత ఎంతసేపు పడుకున్నారు. దూరం కొలిచి రాయండి. మనం యాభై మీటర్లనుకునేది చాలాసార్లు ఇరవై కూడా ఉండదు.

మీ వారికి పిప్‌లో (పని చేసినా చేయకపోయినా వైకల్యానికి ఇచ్చే భత్యం) మొబిలిటీ ఎక్కువ రేటు వచ్చింది కదా, ఇక్కడ సున్నా ఎలా అని కూడా అడిగారు. రెండు పరీక్షలూ వేరు. పిప్‌లో నిలబడి, ఆపైన కదలడం చూస్తారు, నిలబడడమంటే కనీసం ఒక కాలు నేల మీద ఉండాలని నిబంధనలోనే ఉంది. అక్కడ ఊహల్లోని వీల్‌చైర్‌కు చోటు లేదు. అందువల్ల "పిప్ వాళ్ళు ఒప్పుకున్నారు" అన్నది దానంతట అదే గెలిపించదు. కానీ పిప్ రిపోర్టులో చేతుల గురించి, వంట చేయలేకపోవడం గురించి, బట్టలు వేసుకోవడం గురించి రాసిన పేజీలు ఇక్కడ బాగా పనికొస్తాయి. చొక్కా తొడుక్కోవడానికి భార్య సాయం కావాలని ఒక రిపోర్టు, వీల్‌చైర్ తోసుకోగలడని ఇంకో రిపోర్టు చెప్తే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టండి.

గుంటూరు నుంచి మెడికల్ బోర్డు సర్టిఫికెట్ తెప్పించమంటారా అని అడిగారు. సదరం సర్టిఫికెట్లో శాతాన్ని ఇక్కడ ఎవరూ చూడరు, ఈ పద్ధతిలో శాతాలు లేవు. పోలియో ఎప్పుడు వచ్చిందో చెప్పే పాత కాగితం ఏదైనా ఇంట్లో ఉంటే జత చేయండి, దాని కోసం ఎవరినీ ఊరు పంపాల్సిన పని లేదు.

గడువు ఇప్పుడు తొందర చేయాల్సిన విషయం. ఉత్తరం మీద ఉన్న తేదీ నుంచి నెల లోపు మాండేటరీ రీకన్సిడరేషన్, అంటే వాళ్ళ నిర్ణయాన్ని వాళ్ళే మళ్ళీ చూడమని అడగాలి. మీకు ఇప్పటికే 19 రోజులైంది. ఎవిడెన్సు వచ్చేదాకా ఆగకండి. జర్నల్‌లో ఈరోజే రాసేయండి, డాక్టరు ఉత్తరం తర్వాత పంపిస్తానని అందులోనే చెప్పండి. నెల దాటినా సరైన కారణం ఉంటే 13 నెలల దాకా అడగొచ్చు, కానీ అది వాళ్ళ దయ మీద ఉంటుంది. రాయాల్సింది దాదాపు ఇలా ఉండొచ్చు, ఇంగ్లీషులోకి మీ అబ్బాయి మార్చగలడు:

"వీల్‌చైర్ వాడితే 200 మీటర్లు వెళ్ళగలనన్న నిర్ణయాన్ని పునఃపరిశీలించమని కోరుతున్నాను. నాకు పోస్ట్ పోలియో సిండ్రోమ్ ఉంది. రెండు భుజాల్లో నొప్పి, బలహీనత ఉన్నాయి. మాన్యువల్ వీల్‌చైర్ నా అంతట నేను తోసుకుని 50 మీటర్లు మళ్ళీ మళ్ళీ వెళ్ళలేను. ప్రయత్నిస్తే భుజాలు ఇంకా దెబ్బతింటాయి. కాబట్టి నేను వీల్‌చైర్ వాడడం సహేతుకం కాదు. నడిస్తే చంకకర్రలతో ఇన్ని మీటర్లకు ఆగాల్సి వస్తుంది. పని చేయాలని, పనికి సిద్ధం కావాలని ఒత్తిడి చేస్తే నా ఆరోగ్యానికి గణనీయమైన ప్రమాదం ఉందని కూడా చూడండి."

ఆ చివరి వాక్యం ఊరికే పెట్టలేదు. పాయింట్లు రాకపోయినా ఆరోగ్యానికి గణనీయమైన ప్రమాదం ఉంటే పైగ్రూపులో పెట్టవచ్చని వేరే నిబంధన ఉంది. అడగకపోతే దాని సంగతి చూడకుండా వదిలేసే వీలుంది.

రీకన్సిడరేషన్‌లో మార్పు రాకపోతే దిగులు పడకండి, చాలా కేసుల్లో అక్కడ మారదు. ఆ ఉత్తరం మీద ఉన్న తేదీ నుంచి ఇంకో నెలలో ట్రిబ్యునల్‌కు అప్పీలు వేయొచ్చు, ఆన్‌లైన్‌లోనో కాగితం ఫారం మీదో. ఫీజు లేదు. సున్నా మీద ఉన్నారు కాబట్టి అప్పీలు వేస్తే పోయేదేమీ లేదు. ఫారంలో భాష దగ్గర తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని రాయండి, ఉచితంగా ఇస్తారు. మీ అబ్బాయిని పెట్టుకుందామనుకోకండి, కొడుకు ముందు తండ్రి బాత్రూమ్ కష్టాలు చెప్పడు. పేపర్ల మీద తేల్చేయమని టిక్కు పెట్టకండి. మనిషి కనబడాలి. ఈ కేసుల్లో ప్యానెల్లో ఒక జడ్జి, ఒక డాక్టరు ఉంటారు. డాక్టరు భుజాల గురించి అడిగితే అదే మీకు అవకాశం.

లాయరును పెట్టుకోవాలా అంటే అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 2013 ఏప్రిల్ నుంచి ఈ స్థాయి అప్పీళ్ళకు లీగల్ ఎయిడ్ రాదు. సిటిజన్స్ అడ్వైస్, లా సెంటర్, మీ కౌన్సిల్‌లో వెల్ఫేర్ రైట్స్ టీము ఉంటే వాళ్ళు, ఉచితంగా చూస్తారు. వాట్సాప్ గ్రూపుల్లో ఇంత పర్సెంటేజ్ ఇస్తే గెలిపిస్తామనేవాళ్ళకు దూరంగా ఉండండి.

ఇదే పరిస్థితిలో వీసా మీద ఉన్నవాళ్ళు చదువుతుంటే ఒక మాట. పబ్లిక్ ఫండ్స్ వద్దని వీసాలో ఉంటే యూనివర్సల్ క్రెడిట్ అడగకండి, వీసాకే ఎసరు వస్తుంది. కానీ నేషనల్ ఇన్సూరెన్సు కట్టిన లెక్క మీద వచ్చే న్యూ స్టైల్ ఈఎస్‌ఏ పబ్లిక్ ఫండ్ కిందకి రాదు. దానికీ ఇదే అసెస్‌మెంట్, ఇదే వీల్‌చైర్ వాక్యం, కాబట్టి పైన చెప్పిందంతా అక్కడా వర్తిస్తుంది.

చెల్లెమ్మా, ముందు ఆ జర్నల్ మెసేజ్ పెట్టేయండి, రిపోర్టు కూడా అందులోనే అడగండి. వచ్చాక భుజాల గురించి రాసిన పేరా ఇక్కడ పెట్టండి, పేరూ పుట్టిన తేదీ కొట్టేసి. ఫిజియోకు ఇవ్వాల్సిన ప్రశ్నలు అది చూసి సరిచేస్తాను.